ఉస్తాదు ముఖం, నా మూడు కాళ్లు

నేను ఒక కెమెరా స్టాండును. కెమెరాను కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నిష్ఠూరమాడొద్దు. కెమెరా గురించి చెప్పడానికి లోకంలో నోళ్లు చాలానే ఉన్నాయి. ఫొటో బాగా వస్తే తీసినవాడి చెయ్యి మంచిదంటారు, కెమెరా జర్మనీదంటారు, దిగినవాడి ముఖంలో కళ ఉందంటారు. కదిలిపోయి వస్తే మాత్రం అందరూ కలిసి నా వైపు చూస్తారు. ఇన్నేళ్లలో ఒక్క మనిషి కూడా "స్టాండు ఎంత బాగా నిలబడింది" అన్న పాపాన పోలేదు. అందుకే నా కథ నేనే చెప్పుకోవలసి వచ్చింది.

నేను పుట్టింది జగిత్యాల దగ్గర ఒక వడ్రంగి కొట్టంలో. నన్ను చెక్కినాయన పేరు నరహరి. నాది అచ్చమైన టేకు ఒళ్లు. ఆ టేకు చెట్టు బతికున్న రోజుల్లో దాని మీద పిడుగు పడితే పిడుగే రెండు ముక్కలైందని నరహరి చెప్పేవాడు. నేను చూడలేదు గానీ, నా వంశం గురించి ఎవరైనా మంచి మాట చెబితే కాదనడం నాకు అలవాటు లేదు.

ఊరూరా తిరిగి ఫొటోలు తీసే భుజంగం అనే ఆయన ఒకరోజు ఆ కొట్టానికి వచ్చి మూడు కాళ్ల స్టాండు కావాలన్నాడు. దాని మీద ఏం కూర్చుంటుందని నరహరి అడిగాడు. ఒంటికన్ను పెట్టె కూర్చుంటుంది, నల్లగుడ్డ కప్పుకుంటుంది, జాతరలకు పోతుంది, దాని ముందు జనం కదలకుండా నిలబడతారు అన్నాడు భుజంగం. నరహరికి ఇక సందేహం లేకపోయింది. ఎవరో కొత్త అమ్మవారు అనుకున్నాడు. నాకు నీళ్లు పోసి, మూడు కాళ్లకూ పసుపు రాసి, బొట్లు పెట్టి, దండం పెట్టుకుని మరీ అప్పగించాడు. మొదటి జాతరలో ఒక ముసలమ్మ నా ముందు కొబ్బరికాయ కొట్టింది కూడా. భుజంగం ఆ చిప్ప తినేశాడు గానీ, అమ్మవారిని కాదని మాత్రం చెప్పలేదు.

ఆ జాతరల్లో నేను మనుషులను బాగా చదివాను. భుజంగం నల్లగుడ్డలో తల దూర్చగానే వాళ్ల ప్రాణం బిగుసుకుపోయేది. అప్పటిదాకా గట్టు తగాదాతో కొట్టుకున్న అన్నదమ్ములు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యి వేసుకునేవారు. గడియారం లేనివాడు పక్కవాడిది అడిగి పెట్టుకునేవాడు, అది నడుస్తుందా లేదా అని కూడా చూసుకోకుండా. పైన ముఖాలు దొరల్లా ఉండేవి. కింద పాదాలు మాత్రం ఇంటికి ఎప్పుడు పోదామా అని దుమ్ములో గీతలు గీసేవి. నాది కింద చూపు కాబట్టి నాకు పాదాలే ఎక్కువ తెలుసు.

తిరిగి తిరిగి భుజంగం హైదరాబాదు చేరి, మాసాబ్‌ట్యాంకు దగ్గర చంద్రకాంతి ఫొటో స్టూడియో పెట్టాడు. ఆ పేరు ఊరికే పెట్టలేదు. అందులోకి ఏ రంగు మనిషి వెళ్లినా చంద్రుడి రంగులో బయటికి వచ్చేవాడు, కనీసం కాగితం మీద. ఆ కిటుకు చెబుతాను వినండి. నెగటివులో అన్నీ తలకిందులుగా ఉంటాయి, నల్లనిది తెల్లగా, తెల్లనిది నల్లగా. నెగటివు మీద ముఖం ఉన్నచోట సన్నని పెన్సిలుతో మెల్లమెల్లగా రుద్దితే, కాగితం మీద ఆ ముఖం తెల్లబడుతుంది. దీన్నే టచింగ్ అంటారు. పెన్సిలు చాలకపోతే కాగితాన్ని మందునీళ్లలోంచి కాస్త ముందే లాగేస్తారు. అదీ చాలదనిపిస్తే ముందుగానే ముఖానికి పౌడరు కొట్టి కూర్చోబెడతారు.

భుజంగం పోయాక ఆ స్టూడియో, ఆ పెన్సిలు, నేను ఆయన శిష్యుడు కటకం లింగమూర్తి చేతికి వచ్చాం. సిరిసిల్ల మనిషి. గురువు ముఖాలను తెలుపు చేస్తే, ఈయన వెన్నెల చేశాడు. శంషాబాదు వైపు నుంచి ఒకాయన వచ్చి, తన బర్రెను అమ్మకానికి పెట్టానని, కొనేవాళ్లకు చూపించడానికి దాని ఫొటో కావాలని అన్నాడు. నన్ను పేడలో నిలబెట్టి తీశారు. లింగమూర్తి అంతటితో ఊరుకున్నాడా, రోజంతా కూర్చుని బర్రెకు కూడా టచింగ్ చేశాడు. కొనేవాడు ఆ ఫొటో పట్టుకుని వచ్చి కొట్టమంతా వెతికి, "ఆవు ఏది?" అని అడిగాడట. ఈ సంగతి ఎవరికి చెప్పినా నమ్మరు. మీకూ నమ్మకం లేకపోతే వెళ్లి ఆ ఆవునే అడగండి.

లింగమూర్తికి ఇది మోసమని ఎన్నడూ తోచలేదు. పెళ్లికి వచ్చినవాళ్ల మీద పన్నీరు చల్లినట్టే ముఖం మీద తెలుపు చల్లడం మర్యాద అనుకునేవాడు. బీదవాడు వచ్చినా, మోతుబరి వచ్చినా, పెన్సిలు దగ్గర తేడా చూపించేవాడు కాదు. ఇప్పుడు నేను చెప్పబోయే గొడవంతా ఆ మంచితనం వల్లనే వచ్చింది.

మా స్టూడియోకు కూతవేటు దూరంలో ఏసీ గార్డ్స్ ఉంది. నిజాం కాలంలో ఆఫ్రికా నుంచి సముద్రం దాటి వచ్చి, గుర్రపు దళంలో కాపలా కాసిన సిద్దీల వారసులు ఉండే బస్తీ అది. వాళ్ల మర్ఫా డోళ్లు మోగాయంటే పెళ్లి బరాత్‌లో ఉన్న ముసలివాళ్ల మోకాళ్లు కూడా మాట వినవు. ఆ డోళ్లకు పెద్ద మబ్రూక్ ఉస్తాదు. డెబ్బై దాటిన మనిషి, తెల్లటి గడ్డం, తెల్లటి టోపీ, వాటి మధ్య నల్లటి ముఖం. నలుపంటే చామనఛాయను పట్టుకుని నలుపనడం కాదు. ఉదయం ఎండ వచ్చి ఆయన నుదుటి మీద కూర్చుంటే, ఎండ రంగు ఏమిటో తెలిసేంత నలుపు.

ఆయన పెళ్లి ఫొటో తీసింది మా భుజంగమే. అందులో జైనబ్ బీ పక్కన పాలరాతి బొమ్మలాంటి మనిషి ఒకడు షేర్వానీ వేసుకుని నిలబడి ఉంటాడు. జైనబ్ బీది వనపర్తి. ఆమె పుట్టింటి చుట్టాలు ఆ ఫొటో చూసి, ఉస్తాదుకు ఉద్యోగం ఇప్పించిన ఇంగ్లీషు దొర అనుకుని చాలాకాలం దానికి సలాం చేశారట. కాపురం ఒకరితో చేస్తూ గోడకు ఇంకొకరిని తగిలించుకున్నానని ఆమె నవ్వేది. ఉస్తాదు మాత్రం ఆ నవ్వులో కలిసేవాడు కాదు.

ఇలా ఉండగా, నగరంలోని ఆఫ్రికా వారసత్వాన్ని ఫొటోల్లో చూపించి గౌరవించాలని ఒక సంఘం వాళ్లు ప్రదర్శన తలపెట్టారు. ఆ బస్తీ పెళ్లిళ్లకు వెళ్లి అలవాటున్నవాడని లింగమూర్తిని పిలిచారు. సంఘం కార్యదర్శి చాలా నెమ్మదస్తుడు. ఉన్నది ఉన్నట్టు తీయాలని, దీన్ని డాక్యుమెంటరీ అంటారని ఆయన వివరించాడు. లింగమూర్తి స్టూడియోకు వచ్చి అద్దం ముందు నిలబడి ఆ మాటను రకరకాలుగా పలికి చూసుకున్నాడు. పలకడం వచ్చేసరికి అర్థం కూడా వచ్చేసిందనుకున్నాడు. మనుషులకు ఇది మామూలే.

ఉస్తాదు ఇంటి వసారాలో చాయ్ తాగుతూ మాట్లాడుకున్నారు. నన్ను గోడకు ఆనించి పెట్టారు. సంగతంతా విని ఉస్తాదు కప్పు కింద పెట్టాడు.

"చూడు బేటా, నాకు ఫొటోలు కొత్త గాదు. పెండ్లిల దిగిన, బరాత్‌లల్ల దిగిన. ఒక్కదాంట్ల గూడ నేను లేను. నేను పోయినంక నా ఇంట్ల గోడ మీద నేనే ఉండాలె. మనుమరాండ్లు చూసి, గీయనే మా దాదా అనాలె. గట్ల తీస్తనంటె దిగుత. లేకుంటె చాయ్ తాగి పో."

"గంతేనా ఉస్తాద్. తీసిస్త," అన్నాడు లింగమూర్తి. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఫొటోలు తీసే రోజు బస్తీ ముంగిట గడ్డి మంట వేసి డోళ్ల చర్మాలు కాస్తున్నారు. వేడి తగిలితే చర్మం బిగుస్తుంది, అప్పుడే దెబ్బ పలుకుతుంది. ఒక్కో డోలు మీద వేలితో కొట్టి చూస్తూ, ఇంకా కావాలని తల ఊపుతూ ఉస్తాదు మంట చుట్టూ తిరుగుతున్నాడు. కుర్రవాళ్లు కర్రలు గాలిలో తిప్పుతున్నారు. నన్ను నిలబెట్టారు. డోలు మోగడం మొదలైంది. ఆ దెబ్బ నేలలోంచి నా కాళ్లలోకి, కాళ్లలోంచి నడుములోకి ఎక్కింది. దేశంలో చెక్కతో చేసిన దేన్నయినా అక్కడ నిలబెట్టండి, ఆడకుండా ఉంటే నా పేరు మార్చుకుంటాను. ఆ పొద్దు జగిత్యాల అడవిలో నా చుట్టాలు కూడా ఊగి ఉంటారు.

"ఆపుండ్రి, ఆపుండ్రి," అన్నాడు లింగమూర్తి. "ఫొటో కదులుతది."

డోళ్లు ఆగాయి. లింగమూర్తి తనకు తెలిసిన పని తాను చేశాడు. పొడుగువాళ్లను వెనక నిలబెట్టాడు, పెద్దలను కుర్చీల్లో కూర్చోబెట్టాడు, చిన్న డోళ్లను పిల్లల్లా ముందు వరుసలో పేర్చాడు. కర్ర తిప్పేవాణ్ని, కర్రను గాలిలో అలాగే పట్టుకుని గడ్డం కాస్త దించమన్నాడు. ఉస్తాదుకు డోలు ఒళ్లో పెట్టి, కొట్టొద్దు గానీ కొట్టినట్టు ఉండమన్నాడు. ఇంతలో జేబులోంచి పౌడరు డబ్బా తీసేసరికి జైనబ్ బీ గుమ్మంలోంచి చూసి, పిండి అద్దుడు అయినంక చెప్పు తమ్మీ, నూనె కాగబెడ్త అంది. మంట దగ్గర ఉన్నవాళ్లంతా పగలబడి నవ్వారు. లింగమూర్తి డబ్బా లోపల పెట్టేసుకున్నాడు. నేను లోలోపల సంతోషించాను, ఇక గండం గడిచిందని.

పెన్సిలు సంగతి మరిచిపోయాను. తర్వాతి రోజుల్లో లింగమూర్తి నెగటివుల ముందు కూర్చుని ఎంత ప్రేమగా రుద్దాడని. పెళ్లికూతుళ్లకు కూడా అంత శ్రద్ధగా చేయలేదు. పెద్ద ప్రదర్శన, పెద్దమనుషులు వస్తారు, ఉస్తాదు ముఖం కళకళలాడాలి అని ఆయన తాపత్రయం. ఉన్నది ఉన్నట్టు తీయడం అయిపోయిందని ఆయన లెక్క. ఇక దాన్ని చూడదగ్గట్టు చేయడమే మిగిలింది.

ప్రదర్శన రోజు అలంకారానికి నన్నూ తీసుకెళ్లి, మీద ఒక పాత కెమెరా పెట్టి ద్వారం పక్కన నిలబెట్టారు. కాబట్టి జరిగిందంతా నా కళ్లముందే జరిగింది. గోడ మీద పెద్ద అక్షరాలతో 'మన నగరంలో ఆఫ్రికా' అని రాసి ఉంది. దాని కింద వరుసగా ఫ్రేములు. ప్రతి ఫ్రేములోనూ మంచుకొండల నుంచి దిగివచ్చినట్టున్న మనుషులు డోళ్లు పట్టుకుని ఉన్నారు. ముఖ్య అతిథి అటు చివర నుంచి ఇటు చివరకు రెండుసార్లు నడిచి, బాగున్నాయి, ఆఫ్రికా ఫొటోలు లోపలి గదిలో ఉన్నాయా అని అడిగాడు. కార్యదర్శి దగ్గు వచ్చినవాడిలా రుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడే ఉస్తాదు, జైనబ్ బీ కొత్త బట్టలు కట్టుకుని వచ్చారు. వెనక బస్తీవాళ్లు. ఉస్తాదు తన ఫ్రేము ముందు నిలబడ్డాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత చెయ్యి నుదుటికి తెచ్చి ఫొటోకు మర్యాదగా సలాం చేసి, లింగమూర్తి వైపు తిరిగాడు.

"ఈ సాబ్ ఎవరో నాకు ఎరుక లేదు గని, నా డోలు ఈయన దగ్గరకి ఎట్ల పోయింది? జర అడిగి ఇప్పియ్యి బేటా."

జనం నవ్వారు. లింగమూర్తి నవ్వలేదు. మంచిగా రావాలనే చేశానని, తన సొంత తండ్రి ఫొటోకు కూడా ఇంతకన్నా ఎక్కువ చేయలేదని, అందరికీ ఎట్లా చేస్తానో అట్లానే చేశానని గొణిగాడు. అందులో ఒక్క ముక్క కూడా అబద్ధం కాదు, అదే చిక్కు.

జైనబ్ బీ ఫ్రేము దగ్గరకు వెళ్లి వంగి చూసింది. "ఇంట్ల ఒక పరాయోడు ఉండె. ఇంకొకన్ని తయారు చేసినవా తమ్మీ?"

ఉస్తాదు నెమ్మదిగా నా పక్కనుంచే బయటికి నడిచాడు. ఆయన పాదాలు చూశాను. జాతరల్లో ఎన్ని పాదాలు చూశానో, అంత బరువుగా నడిచినవి చూడలేదు. లింగమూర్తి తానే వెళ్లి ఆ ఫ్రేము దించాడు. గోడకు మేకు మాత్రం మిగిలింది. ఈ మేకుకు నేను ఫొటో తెస్తాను, అప్పటిదాకా ఇక్కడ ఏదీ తగిలించొద్దని కార్యదర్శికి చెప్పాడు.

మర్నాడు పొద్దున ఉస్తాదు వసారాలో మళ్లీ చాయ్. ఈసారి ఉస్తాదు షరతులు పెట్టాడు. డోళ్లు ఆగవు. తనను ఎవరూ కూర్చోబెట్టరు. ఫొటో కాగితం మీదికి వచ్చేదాకా తాను పక్కనే ఉంటాడు. ఇంకొకటి, పెన్సిలు తన దగ్గర ఉంటుంది. లింగమూర్తి జేబులోంచి తీసి ఇచ్చాడు. ఉస్తాదు దాన్ని చెవి వెనక పెట్టుకున్నాడు.

గడ్డి మంట వేశారు. డోళ్లు మోగాయి. నేను ఊగాను, లింగమూర్తి నన్ను తిట్టాడు, మోకాలితో నొక్కి పట్టాడు, ఆయన మోకాలు కూడా ఊగింది. ఊగనివ్వు అనుకున్నాడు కాబోలు, వదిలేశాడు. ఉస్తాదు డోలును మంట మీద తిప్పుతూ, చర్మానికి చెవి ఆనించి వింటున్నాడు. ఒక పక్క నుంచి ఎండ, ఇంకో పక్క నుంచి మంట వెలుగు. ఆ క్షణాన లింగమూర్తి నవ్వమనలేదు, గడ్డం దించమనలేదు. మీట నొక్కాడు.

మా స్టూడియో చీకటి గది మెట్ల కింద బీరువా అంత ఉంటుంది. తలుపు గడియ ఊడిపోవడంతో, లోపలినుంచి నన్ను అడ్డం పెట్టి బిగించేవారు. అలా ఆ రోజు నేను కూడా లోపలే ఉన్నాను. ఎర్ర బల్బు వెలుగులో ఇద్దరు మనుషులు, ఒక పళ్లెం నిండా మందునీళ్లు. లింగమూర్తి కాగితం అందులో వేసి పళ్లేన్ని మెల్లగా ఊపాడు.

ముందు వెనక గోడ నీడ వచ్చింది. తర్వాత డోలు అంచు. కనుబొమలు వచ్చాయి, కళ్లు వచ్చాయి. ఆ కళ్ల చుట్టూ పలచగా, బూడిద రంగులో ఒక ముఖం తేలింది. అచ్చం చంద్రకాంతి స్టూడియో ముఖం. ఇన్నేళ్లుగా ఏ ముఖాన్నయినా ఆపింది ఆ రంగు దగ్గరే. లింగమూర్తి చెయ్యి తనంతట తానే కాగితాలు లాగే చిమటా అందుకుని పళ్లెంలోకి దిగింది.

ఉస్తాదు ఆ మణికట్టు పట్టుకున్నాడు.

"ఆగు బేటా. ఇంకా నేను రాలే."

"ఇంకుంచితె నల్లగైతది ఉస్తాద్." ఈ మాట లింగమూర్తి నోట్లోంచి అలవాటు కొద్దీ జారింది. జారాక ఆయనే బిత్తరపోయాడు.

"కానియ్యి. పుట్టినప్పుడు గూడ గట్లనే అయిన," అన్నాడు ఉస్తాదు.

ఇద్దరూ కదల్లేదు. నీళ్లు మాత్రం ఊగుతున్నాయి. బూడిద రంగు చిక్కబడింది. చెంప ఎముక గీత లేచింది. కుడికంటి పక్కన పాత గాటు ఒకటి కనిపించింది. నుదుటి ముడతల్లో మంట వెలుగు సన్నగా పారింది. ఆ గడ్డం ఎంత తెల్లనిదో దాని పక్కన ముఖం నల్లబడ్డాక గానీ తెలియలేదు. లింగమూర్తి చాలా దగ్గరగా వంగాడు. అన్నేళ్లు ఆ ముఖాన్ని బరాత్‌లలో చూసినవాడు, ఆ గాటును మాత్రం మొదటిసారి చూస్తున్నాడని నాకు అర్థమైంది.

"హా," అన్నాడు ఉస్తాదు. "వచ్చిన." అని చెయ్యి వదిలాడు.

బయటికి వచ్చాక ఉస్తాదు చెవి వెనక నుంచి పెన్సిలు తీసి ఇవ్వబోయాడు. లింగమూర్తి తీసుకోలేదు. అది నీ చెవికే మంచిగుంది ఉస్తాద్ అన్నాడు.

ఆ రోజు నుంచి లింగమూర్తి పూర్తిగా మారిపోయాడని చెబితే కథ బాగుంటుంది. కానీ నేను పిడుగులూ ఆవులూ కల్పిస్తాను గానీ ఇలాంటివి కల్పించను. వారం తిరగకముందే పెళ్లిచూపుల ఫొటోకు వచ్చిన ఒక తండ్రి కొంచెం తెల్లగా అనగానే ఆయన చెయ్యి జేబులోకి పోయింది. పెన్సిలు లేదు. కాసేపు ఆ ఖాళీ జేబులోనే చెయ్యి పెట్టుకుని ఆలోచించి, ఉన్నట్టే తీస్తానన్నాడు. ఆ తండ్రి పక్క వీధి స్టూడియోకు వెళ్లిపోయాడు. ప్రదర్శనలో మేకుకు మాత్రం ఫొటో తగిలింది, మిగిలిన ఫ్రేములు కూడా ఒక్కొక్కటిగా మారాయి. ముఖ్య అతిథి మళ్లీ రాలేదు. బస్తీ మొత్తం వచ్చింది, తమను తాము చూసుకుని ఒకరినొకరు వెక్కిరించుకుంది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. ముఖాలు తెల్లబరచడానికి పెన్సిలు పట్టే ఓపిక ఎవరికీ అక్కర్లేకపోయింది. ఒక మీట నొక్కితే బరాత్ మొత్తం, గుర్రంతో సహా, తెల్లబడుతుంది. చంద్రకాంతి మూతపడింది. పాత సామాను వాడు నన్ను భుజాన వేసుకునే వేళకు ఉస్తాదు వచ్చి, దీనికి దెబ్బ తెలుసు, నాకియ్యి అని తీసుకుపోయాడు. అప్పటి నుంచి నా మీద కెమెరా బదులు డోలు కూర్చుంది. నడుం వంగిన ఉస్తాదు నిలబడే డోలు కొట్టుకోవడానికి నా ఎత్తు సరిగ్గా సరిపోయింది.

ఇప్పుడు ఆయన లేడు. డోలు నా మీదే ఉంది. ఎదురుగా గోడ మీద, చర్మానికి చెవి ఆనించి, ఉస్తాదు ఉన్నాడు. మనుమరాళ్లు స్నేహితురాళ్లను తీసుకొచ్చి, గీయనే మా దాదా అని చూపిస్తుంటారు. పెళ్లి ఫొటోను మాత్రం జైనబ్ బీ గదిలోంచి తీసి వసారాలో తగిలించింది.

పొద్దున్నే ఆమె గదిలోకి వచ్చి కొంగుతో ఆయన అద్దం తుడుస్తుంది. తుడుస్తూనే మొదలుపెడుతుంది.

"ఏం చూస్తున్నవ్? సందుగ తాళంచెవి ఏడ వెట్టినవో చెప్పకుండ పోతివి. నేనెక్కడని దేవులాడాలె? మాట్లాడవేందయ్యా?"

ఆయన మాట్లాడడు. ఇలాంటివాటికి బతికున్నప్పుడూ మాట్లాడేవాడు కాదు, అందుకని ఆమె కూడా పట్టించుకోదు. తాళంచెవి అయ్యాక చిన్న కోడలు సంగతి చెబుతుంది, మోకాలి నొప్పి సంగతి చెబుతుంది, మళ్లీ తాళంచెవి దగ్గరకు వస్తుంది. కోపం తీరాక కొంగు దులుపుకుని చాయ్ పెట్టడానికి బయలుదేరుతుంది. వసారాలోంచి పోవాలి. అక్కడ షేర్వానీ వేసుకున్న ఆ తెల్లాయన ఫొటో ముందుకు రాగానే, పరాయి మగాడు కదా, కొంగు తల మీదికి లాక్కుని, తల వంచుకుని దాటిపోతుంది.